తొలకరి వేళ మన దినచర్య



రోళ్లు పగిలే రోహిణి ఎండలు తగ్గి, మృగశిరలో నాలుగు చినుకులు పడగానే పల్లెలలో ఎవరికీ తీరిక ఉండదు. దుక్కులు, విత్తనములు, నారుమళ్లు ఒకవైపు. బడులు తెరచుటతో పిల్లల పుస్తకములు, బట్టలు మరొకవైపు. వేసవిలో ఆలస్యముగా పడుకొని ఆలస్యముగా లేచిన ఇల్లు ఒక్కసారిగా పరుగులు పెడుతుంది. ఆ పరుగులో మొదట జారిపోయేది కుటుంబ ప్రార్థన. దాని వెనుక ఆదివారపు ఆరాధన, ఆ పిమ్మట ఇంటిలోని నెమ్మది జారిపోతాయి. సంఘ కుటుంబములను దర్శించునప్పుడు మేము ప్రతి యేట చూచుచున్న సంగతి ఇది.

పరిశుద్ధ గ్రంథములో చెప్పబడిన తొలకరి వానకును మన తొలకరికిని కాలములో భేదమున్నది. ఇశ్రాయేలు దేశములో తొలకరి వాన అక్టోబరు, నవంబరు నెలలలో పడి విత్తుటకు నేలను మెత్తపరచును. కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలలలో కురిసి గింజను నింపును. మనకైతే నైరుతి గాలులతో జూన్ నెలలో తొలకరి వచ్చును. కాలములు వేరైనను వానను ఇచ్చువాడు ఒక్కడే (ద్వితీయో. 11:14). బీడు భూమిని దున్నుకొని, దేవుని వెదకుటకు ఇదే సమయమని హోషేయ ప్రవక్త తన ప్రజలను హెచ్చరించాడు (హోషేయ 10:12). కనుక పొలముతో పాటు మన దినచర్యను కూడ ఒకసారి దున్నుకొందాము.

పెద్ద పెద్ద తీర్మానములు వద్దు. మనము ప్రతిదినము తప్పక చేయు పనికి ఒక మంచి అలవాటును ముడివేసినచో, ఆ పనియే దానిని గుర్తుచేయును.

పొయ్యి వెలిగించక ముందు

కపెర్నహూములో ఒక సాయంకాలము పట్టణమంతయు వాకిట కూడి వచ్చింది. ప్రభువు అనేక రోగులను బాగుచేశాడు. అంత అలసిన తరువాత కూడ ఆయన ఇంకను చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశమునకు వెళ్లి ప్రార్థించాడు (మార్కు 1:35). పని ఎక్కువైనప్పుడు ఆయన ప్రార్థనను తగ్గించుకొనలేదు.

అయితే నాలుగు గంటలకే లేచు తల్లిని ఇంకొక గంట ముందు లేవమని మేము చెప్పుట లేదు. పొయ్యి వెలిగించక ముందు, సెల్‌ఫోను చేతబట్టక ముందు అయిదు నిమిషములు చాలును. ఒక్క వచనము చదివి, ఒక్క చిన్న ప్రార్థన చేయండి. ఉదయము చదివిన ఆ వచనము నాట్లు వేయునప్పుడు మనస్సులో తిరుగుతూనే ఉంటుంది. రాత్రి పది దాటువరకు టీవీ ముందు, ఫోను ముందు కూర్చున్నవారికి మాత్రము ఈ అయిదు నిమిషములు కూడ దొరకవు. నిద్ర కూడ దేవుడు తన ప్రియులకిచ్చు ఈవియే (కీర్తన 127:2). దానిని నిర్లక్ష్యము చేయరాదు.

భారము పంచుకొనుట

మన ఇండ్లలో స్త్రీ వంటచేసి, పిల్లలను బడికి పంపి, కూలికి వెళ్లి, తిరిగివచ్చి నీళ్లు మోసి మరల వంటచేయును. రాత్రి ప్రార్థనలో ఆమె కునికిపాట్లు పడితే భక్తి తగ్గినదని అందుమా? తగ్గినది భక్తి కాదు, ఇంటివారి సహాయము. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రంతయు వలలు లాగిన శిష్యులకొరకు తానే నిప్పులు సిద్ధపరచి, చేపయు రొట్టెయు ఉంచాడు (యోహాను 21:9). రాజులకు రాజే పొయ్యి దగ్గర కూర్చుండగా, ఒక బిందెడు నీళ్లు తెచ్చుట పురుషునికి నామోషీ ఎట్లగును? మగపిల్లలకు కూడ ఇల్లు ఊడ్చుట, గిన్నెలు కడుగుట నేర్పండి.

పొలము గట్టు మీద

బోయజు తన పొలమునకు వచ్చి మొదట పలికినది దీవెన మాట. కోతగాండ్రు కూడ దీవెనతోనే బదులిచ్చారు (రూతు 2:4). మన గట్ల మీద మొదట వినబడు మాట ఏది? విసుగా, తిట్టా? కూలివారితో మొదటి మాట మంచిమాటగా ఉండవలెనని నిశ్చయించుకొనండి. కూలి సొమ్ము ప్రొద్దుగ్రుంకక ముందే చేతిలో పెట్టండి (ద్వితీయో. 24:15). ఆ డబ్బు మీదనే ఆ రాత్రి వారి పొయ్యి వెలుగును.

శనివారపు సిద్ధపాటు

మన్నా కురిసిన దినములలో ఇశ్రాయేలీయులు ఆరవ దినమున రెండంతలు కూర్చుకొని, ఏడవ దినమున విశ్రమించారు (నిర్గమ. 16). మనము కూడ శనివారము సాయంకాలమే బట్టలు, కట్టెలు, బియ్యము సిద్ధపరచుకొనవచ్చును. ఆనాడే నీళ్ల తొట్లు, కుండలు ఖాళీచేసి, లోపల రుద్ది కడిగి ఆరబెట్టండి. పగటివేళ కుట్టు డెంగ్యూ దోమ నిలువయున్న మంచినీటిలోనే పెరుగును. గ్రుడ్డు దోమ అగుటకు వారము, పది దినములు పట్టును గనుక వారమునకొకసారి కడిగినచో అది పెరుగదు. పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి.

ఆదివారము

"అయ్యగారూ, శనివారము రాత్రి వాన పడింది. సోమవారము వరకు ఆగితే పదును పోతుంది. ఏమి చేయమంటారు?" అని రైతులు మమ్మును అడుగుదురు. ఇది సాకు కాదు, నిజమైన ఇబ్బందియే. అయినను దున్ను కాలమందును కోత కాలమందును విశ్రమించవలెనని దేవుడు ప్రత్యేకముగా చెప్పాడు (నిర్గమ. 34:21). రైతు కష్టము తెలియక ఆయన ఆ మాట చెప్పలేదు. విత్తనము మన చేతిది, మొలక ఆయనది అని మనము మరచుకాలము అదే గనుక చెప్పాడు. ఎద్దుకును, పనివానికిని సేదదీర్పు కావలెను గదా!

గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినమున పైకి తీయుదురు గదా అని ప్రభువు అడిగిన మాట కూడ మేము మరువలేదు (లూకా 14:5). నిజముగా అదును తప్పు ఆదివారము యేటికి ఒకటో రెండో వచ్చును. అట్టి దినమున సంఘ పెద్దలు తెల్లవారుజామున ఆరాధన ఏర్పాటు చేయవచ్చును. కాని ఆ ఒక్కదానిని చూపి తక్కిన ఆదివారములు మానుట మాత్రము నష్టమే.

దీపము ఆర్పక ముందు

విత్తనముల అప్పు, ఎరువుల అప్పు, బడి ఖర్చు అన్నియు ఈ నెలలోనే వచ్చును గనుక భార్యాభర్తల మధ్య మాటలు పెరుగును. ఒక నోటుపుస్తకములో ఆనాటి ఖర్చును ఇద్దరు కలిసి వ్రాసుకొనండి. లెక్క దాచనిచోట అనుమానము పెరుగదు. ప్రొద్దుగ్రుంకువరకు కోపము నిలువరాదని అపొస్తలుడు చెప్పాడు (ఎఫెసీ. 4:26). భోజనమైన తరువాత పిల్లలు నిద్రపోవుదురు గనుక కుటుంబ ప్రార్థనను భోజనమునకు ముందే పెట్టుకొనండి. పది నిమిషములు చాలును. ఒకనాడు తండ్రి, ఒకనాడు తల్లి, ఒకనాడు బిడ్డ వాక్యము చదువవలెను.

ప్రియులారా, ఇవన్నియు ఒకేనాడు మొదలుపెట్టవద్దు. ఈ వారము ఒకటి, వచ్చే వారము మరొకటి చేపట్టండి. ఒకనాడు తప్పిపోయినచో దిగులుపడి మానివేయకండి. ఒక సాలు వంకరపోయినదని రైతు నాగలి పారవేయడు. దేవుని వాత్సల్యత అనుదినము నూతనముగా పుట్టుచున్నది (విలాప. 3:22-23) గనుక, మరునాటి ఉదయమున మరల మొదలుపెట్టండి.

తొలకరిని పంపిన తండ్రి మీ పొలములను, మీ బిడ్డలను, మీ దినములను దీవించును గాక! ఆమేన్.