ఆండ్రాయిడా.. ఐఫోనా? పోచంపల్లి చీర రంగు చెప్పే అసలు కథ.. ఎవరు ఏ ఫోన్ ఎందుకు కొంటారంటే?

పోచంపల్లి ఇక్కత్ చీర ఇప్పుడు షాపులో కంటే ముందు ఫోన్‌లోనే కనిపిస్తోంది. వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. నచ్చితే వీడియో కాల్. రేటు కుదిరితే యూపీఐ. రెండు మూడు రోజుల్లో పార్శిల్ ఇంటికి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అమ్మేవాళ్ల చేతిలో ఒక ఫోన్, కొనేవాళ్ల చేతిలో ఇంకో ఫోన్. ఇటు ముదురు మెరూన్‌లా ఉన్న చీర అటు ఎరుపులా కనిపిస్తే? పార్శిల్ విప్పగానే "మేం అడిగిన రంగు ఇది కాదు" అంటారు. చీర వెనక్కి వస్తుంది. నష్టం మాత్రం మగ్గం దగ్గరే ఆగిపోతుంది.

అందుకే "ఏ ఫోన్ మంచిది?" అనే ప్రశ్న ఇక్కడ ఫ్యాషన్ ముచ్చట కాదు, బేరం ముచ్చట. అసలు మనలో కొందరు ఆండ్రాయిడే ఎందుకు కావాలంటారు? కొందరు ఐఫోన్ తప్ప ఇంకోటి ముట్టుకోరు ఎందుకు? ఇంకా బటన్ ఫోన్ వదలని వాళ్లు ఎందుకున్నారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్క చూద్దాం

మన దేశంలో వాడుతున్న స్మార్ట్‌ఫోన్లలో దాదాపు 95 శాతం ఆండ్రాయిడే. ప్రపంచం మొత్తం మీద చూస్తే పదింటిలో ఏడు ఆండ్రాయిడ్. అదే అమెరికా, జపాన్ వెళ్తే సీన్ రివర్స్. అక్కడ సగానికి పైగా ఐఫోన్లే.

మనుషులు ఒకటే, అవసరాలు ఇంచుమించు ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు? జవాబు ఫోన్ లోపల కంటే బయటే ఎక్కువ ఉంది. జేబులో డబ్బు, చుట్టూ ఉన్న మనుషులు, చేసే పని.. ఈ మూడే మన ఛాయిస్‌ను నడిపిస్తాయి.

మొదటి కారణం.. రేటు

ఐఫోన్ అధికారికంగా మన దేశానికి వచ్చింది 2008 ఆగస్టులో. అప్పుడు 8 జీబీ మోడల్ ధర రూ.31,000. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీలు రెండేళ్ల కాంట్రాక్ట్ పెట్టి ఫోన్‌ను చౌకగా చేతికిచ్చేవి. నెలనెలా బిల్లులో కలిపి వసూలు చేసుకునేవి. మన దగ్గర జనం వాడేది ప్రీపెయిడ్. ఫోన్ కావాలంటే మొత్తం డబ్బు మనమే పెట్టాలి. అక్కడ మొదలైంది తేడా.

2014లో మార్కెట్ మారిపోయింది. ఫిబ్రవరిలో మోటో జీ, జులైలో షావోమీ ఎంఐ 3 ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో రెడ్‌మీ 1ఎస్‌ను రూ.5,999కే అమ్మారు. కూలీ మీద బతికే కుటుంబానికి స్మార్ట్‌ఫోన్ అందుబాటులోకి వచ్చింది ఈ రేటుతోనే.

తర్వాత 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అప్పట్లో జియోది 4జీ మాత్రమే నడిచే నెట్‌వర్క్. ఫ్రీ డేటా కావాలంటే 4జీ ఫోన్ ఉండాల్సిందే. తక్కువ రేటులో దొరికే 4జీ ఫోన్లు ఏవి? ఆండ్రాయిడే. రెండు నెలలకు నవంబర్ 8న నోట్ల రద్దు. చేతిలో క్యాష్ లేక జనం డిజిటల్ పేమెంట్ల వైపు చూశారు. అలా వీడియోలు చూడ్డానికి కొన్న ఫోనే డబ్బు తీసుకునే పెట్టె అయింది.

ఇప్పటికీ రేటు గ్యాప్ పెద్దదే. 2024లో వచ్చిన ఐఫోన్ 16 ప్రారంభ ధర రూ.79,900. పది, పన్నెండు వేలకు పనికొచ్చే ఆండ్రాయిడ్ దొరుకుతోంది. దీనికి తోడు 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఫోన్ ఎంత ఖరీదైతే ఆ పన్ను అంత బరువు.

రెండోది.. మన భాష

ఒకప్పుడు ఫోన్‌లో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. గుర్తుందా? 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో మెనూ మొత్తం తెలుగులో పెట్టుకునే వీలు వచ్చింది. 2017లో గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ కూడా తెచ్చింది. అంటే టైపింగ్ రాకపోయినా ఫోన్‌తో మాట్లాడితే చాలు, మెసేజ్ తయారు. చదువు తక్కువున్న వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఐఫోన్‌కు తెలుగుతో ఒక విచిత్రమైన గొడవ కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. మన ఒత్తులు, గుణింతాలను కలిపి చూపించే దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడింది. ప్రపంచమంతా ఆ వార్త నడిచింది. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఇప్పుడు రెండింటిలోనూ తెలుగు చదవొచ్చు, రాయొచ్చు.

మూడోది.. చుట్టూ ఉన్నవాళ్లు ఏం వాడుతున్నారు?

అమెరికాలో ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు మెసేజ్ పంపితే నీలం రంగులో వస్తుంది. ఆండ్రాయిడ్‌కు పోతే ఆకుపచ్చ. ఫొటోలు, వీడియోలు క్వాలిటీ తగ్గిపోయి చేరేవి. స్కూల్ పిల్లల గ్రూపుల్లో ఆకుపచ్చ అంటే చిన్నచూపు. 2024లో ఐఓఎస్ 18తో ఈ మెసేజింగ్ తేడా కొంత తగ్గింది కానీ అలవాటు మాత్రం అంత తొందరగా పోదు.

మన దగ్గర ఆ గోడే లేదు. ఎందుకంటే అందరం ఉండేది వాట్సాప్‌లో. దానికి ఏ ఫోనైనా ఒకటే. కొడుకు డల్లాస్‌లో ఐఫోన్ వాడినా, అమ్మ నల్గొండలో ఎనిమిది వేల ఫోన్ వాడినా వీడియో కాల్ కలుస్తుంది. అందుకే "మనవాళ్లంతా అదే వాడుతున్నారు" అనే ఒత్తిడి ఇక్కడ ఫోన్ కంపెనీ మీద కాకుండా యాప్ మీద పడింది.

అయితే ఐఫోన్ మోజు లేదా అంటే ఉంది. యూత్‌లో గట్టిగానే ఉంది. దానికి కారణాలూ ఉన్నాయి. పాత ఐఫోన్‌కు కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే రేటు పలుకుతుంది. వీడియో నిలకడగా వస్తుంది. ఇక పెళ్లిలో, ఫంక్షన్‌లో చేతిలో ఆ లోగో కనిపిస్తే వచ్చే గుర్తింపు సంగతి వేరే చెప్పాలా? ఈఎంఐలు వచ్చాక ఆ మోజు తీర్చుకోవడం ఈజీ అయింది. నెలకు ఎంత కట్టగలమో చూసుకోకపోతే భారమూ అంతే ఈజీగా వస్తుంది.

ఇప్పుడు మగ్గం దగ్గరికి వద్దాం

ఉమ్మడి నల్గొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పిలుపుతో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం చేసిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. ఇక్కడి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా ఉంది.

ఇక్కత్‌లో రంగు బట్ట మీద వేయరు. నేయకముందే దారానికి వేస్తారు. డిజైన్ ప్రకారం దారాలకు చిటికి కట్టి, కట్టిన చోట రంగు అంటకుండా చేసి అద్దుతారు. మళ్లీ విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు. ఆ తర్వాతే మగ్గం ఎక్కుతుంది. డబుల్ ఇక్కత్ అయితే పడుగు, పేక రెండూ ఇలాగే చేయాలి. ఒక పడుగు మీద కొన్ని చీరలు వరుసగా నేస్తారు.

అంటే ఏంటి? రంగు ఒకసారి ఖాయమైతే అంతే. మధ్యలో "కొంచెం లైట్‌గా చేయండి" అంటే కుదరదు. ఆర్డర్ ఇచ్చే ముందు కస్టమర్ ఫోన్‌లో చూసి "ఓకే" అన్న రంగు మీదే రోజుల కష్టం ఆధారపడి ఉంటుంది.

ఒకే చీర.. రెండు రంగులు ఎందుకు?

తేడా మూడు చోట్ల వస్తుంది.

*ఒకటి, కెమెరా.* పసుపు బల్బు కింద తీస్తే తెలుపు కూడా పచ్చగా వస్తుంది. ఫోన్ దాన్ని సొంతంగా సరిచేయాలని చూస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా సరిచేస్తుంది. కొన్ని ఫోన్లు ఫొటో బాగుందనిపించడానికి రంగులు ఇంకాస్త గాఢంగా పెంచుతాయి. పువ్వులకు, బిర్యానీకి అది బాగుంటుంది. అమ్మే చీరకు మాత్రం అబద్ధం అవుతుంది.

*రెండు, పంపే దారి.* వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గుతుంది. సన్నటి డిజైన్ వివరాలు పోతాయి. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ ఆప్షన్ ఉంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైలే వెళ్తుంది.

*మూడు, చూసే స్క్రీన్.* ఓఎల్ఈడీ స్క్రీన్‌లో నలుపు గాఢంగా, రంగులు మెరిసేలా ఉంటాయి. చౌక ఎల్‌సీడీలో అదే రంగు కాస్త వెలిసినట్టు ఉంటుంది. శాంసంగ్ లాంటి ఫోన్లలో వివిడ్, నేచురల్ అని రెండు మోడ్లు ఉంటాయి. ఐఫోన్‌లో ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ పసుపు వైపు జరుగుతుంది. కొనేవాళ్లు రాత్రి పడుకునే ముందు చూసి ఆర్డర్ పెడితే, వాళ్లు చూసిన రంగు మీరు పంపినది కాదు.

ఇంకో ప్రమాదం.. నకిలీ ప్రింట్

ఇక్కత్ డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు. రంగు కాస్త పక్కకు పాకినట్టు, మెత్తగా ఉంటాయి. చేతితో చేసిన పనికి అదే ఆనవాలు. మిషన్ మీద ప్రింట్ చేసిన నకిలీలో అంచులు కచ్చితంగా ఉంటాయి. కానీ చాలా ఫోన్ల కెమెరాలు ఫొటోను షార్ప్ చేస్తాయి. మెత్తటి అంచును గీతలా బిగిస్తాయి. అప్పుడు అసలు చీర ఫొటో కూడా ప్రింట్‌లా కనిపించే ఛాన్స్ ఉంది. అసలు, నకిలీ పక్కపక్కన పెడితే స్క్రీన్ మీద తేడా పట్టుకోవడం కష్టం. రేటు మాత్రం నకిలీదే తక్కువ.

దీనికి సింపుల్ మార్గం ఉంది. చీరను తిరగేసి వెనక వైపు కూడా చూపించండి. దారానికే రంగు వేస్తారు కాబట్టి ఇక్కత్‌లో రెండు వైపులా డిజైన్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ప్రింట్‌లో సాధారణంగా వెనక వెలవెలబోతుంది. కొనేవాళ్లు కూడా వీడియో కాల్‌లో ఈ ఒక్కటి అడిగితే సగం డౌట్ తీరిపోతుంది.

బటన్ ఫోన్ ఎందుకు పోలేదు?

రోజంతా మగ్గం మీద చేతులు, కాళ్లు రెండూ పనిలో ఉంటాయి. కాల్ వస్తే ఎత్తి మాట్లాడితే చాలు అనుకునే పెద్దవాళ్లకు టచ్ స్క్రీన్‌తో పనేముంది? ఒకసారి ఛార్జ్ చేస్తే రోజుల తరబడి వస్తుంది. కింద పడినా పగలదు. 2018లో జియోఫోన్‌లో యూట్యూబ్, వాట్సాప్ కూడా వచ్చాయి. 2022 నుంచి యూపీఐ 123పే ద్వారా బటన్ ఫోన్‌తోనూ డబ్బు పంపొచ్చు. దాన్ని వెనకబాటు అనుకోవడం తప్పు. అదీ లెక్క చూసుకుని చేసిన ఛాయిసే.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం గొప్పతనం ఎక్కడుంది? చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించే ఆడవాళ్ల భుజం నొప్పిని తగ్గించడంలో ఉంది. ఫోన్‌కూ అదే కొలత పెట్టాలి. మన పనిలో ఏ కష్టాన్ని తగ్గిస్తోంది?

కొనే ముందు ఇవి చూసుకోండి

• పని ఏంటో ముందు తేల్చుకోండి. వీడియోలు, వాట్సాప్, పేమెంట్లు మాత్రమే అయితే ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. ఫొటోలతో వ్యాపారం అయితే మెగాపిక్సెల్ నంబర్ కాదు, రంగు కరెక్ట్‌గా వస్తుందా లేదా చూడండి. షాపుకు ఒక చీర ముక్క తీసుకెళ్లి, ఫొటో తీసి పక్కన పెట్టి పోల్చండి.

• ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 లాంటి వాటికి ఏడేళ్లు చెప్పారు. చౌక ఫోన్లకు అంత ఉండదు. సాఫ్ట్‌వేర్ బాగా పాతబడితే బ్యాంకు యాప్‌లు ఆగిపోవచ్చు.

• డిస్‌ప్లే పగిలితే ఎంత? సర్వీస్ సెంటర్ ఎక్కడ? భువనగిరిలోనో చౌటుప్పల్‌లోనో అయిపోయే పనికి హైదరాబాద్ పోవాల్సి వస్తే ఒక రోజు పని పోయినట్టే.

• సెకండ్ హ్యాండ్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ తీసుకోండి. మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసి, స్పేస్ ఇచ్చి ఆ 15 అంకెలు రాసి 14422కు పంపండి. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది.

• చీరల ఫొటో పగటి వెలుతురులో, నీడలో, తెల్ల కాగితం పక్కన పెట్టి తీయండి. ఫిల్టర్ వద్దు. కొత్త ఆర్డర్ అయితే రంగు దారం ముక్క కొరియర్ చేసి ఓకే తీసుకున్నాకే అద్దకం మొదలుపెట్టండి.

కొనేవాళ్లకూ ఒక మాట. ఆర్డర్ పెట్టే ముందు నైట్ మోడ్ ఆపి, స్క్రీన్‌ను నేచురల్‌లో పెట్టి ఒకసారి చూడండి. డౌట్ ఉంటే పగటిపూట వీడియో కాల్ అడగండి. మీ ఫోన్‌లో రెండు సెకన్ల సెట్టింగ్.. అటు వైపు ఒక ఇంటి కష్టం వెనక్కి రాకుండా ఆపుతుంది.