తాటిచెట్టు నెక్కువాని కాలిబందము

ముదినేపల్లినుండి కైకలూరు వైపునకు పోవునపుడు చేలగట్లపైనను, చేపలచెరువుల గట్లపైనను తాటిచెట్లు కానవచ్చును. అరువది యడుగుల చెట్టును గీతగాడు ప్రొద్దున నొకమారు, సాయంకాల మొకమారు ఎక్కి దిగును. అతని నడుమునకును చెట్టునకును చుట్టిన మోకును ఎల్లరును చూతురు. పాదములకు తగిలించిన చిన్న బందమును చూచువారు తక్కువ. నేటి నా ప్రసంగము ఆ బందమును గూర్చియే.

వెనుకకు వాలిన దేహభారమును మోకు మోయును. పాదములు జారకుండ నిలుపునది బందము. గీతగాడు రెండు పాదములను దానిలో దూర్చి, అరికాళ్లను మ్రానునకు చెరియొక ప్రక్కను ఆనించును. బరువు పడగానే పాదములు ఎడముగా పోజూచును. బందము బిగిసి వానిని పోనీయదు. అందుచేత అరికాళ్లు పట్టకారువలె మ్రానును కఱచిపట్టును. ఆ రాపిడియే వానికి మెట్టు.

కావున దీనికి ప్రాణము కొలతలో నున్నది. బందము పొడవైనచో పాదములు ప్రక్కలకు జారిపోవును. కుఱుచయైనచో మ్రాను అరికాళ్ల నడుమ ఇమడదు. రెట్టించి నేలపై చాచినపుడు మూరెడుండుట సామాన్యమైన లెక్క. కాని ఎవని మూర వానిదే కదా! అన్నగారి బందము తమ్మునికి పనికిరాదు. ఎవరిది వారే చేసికొనుటకు ఇదియే కారణము, లోభము కాదు.

చేయు విధము చెప్పెదను. పచ్చి తాటిమట్ట మొదలును రాత్రియంతయు నీట నానవేసి, తెల్లవారి కొయ్యసుత్తితో మెల్లగా నలుగగొట్టి నార తీయవలెను. గట్టిగా కొట్టిన నార విఱుగును. ఆ నారను మూడుపాయలుగా జడవలె అల్లి, రెండు కొనలను ఒకదానిలో నొకటి చొప్పించి మరల అల్లవలెను. ముడి వేయరాదు, అది పాదముపై నొత్తుకొని పుండు చేయును. పాదము తగులు చోట పాతగుడ్డగాని, సైకిలు ట్యూబు ముక్కగాని చుట్టుదురు. నైలాను త్రాడు చిరకాలము మన్నునన్నది నిజమే, కాని నునుపైనది. మ్రానుపై దానికి పట్టు తక్కువ. ఈ విషయమున నేను నారపక్షమువాడను.

గాలిపటము లాగుకొనిపోవు మూడుచక్రముల బండి యొకటి విదేశములందు కలదు. న్యూజీలండు దేశస్థుడు పీటర్ లిన్ 1990 ప్రాంతమున దానిని ప్రచారములోనికి తెచ్చెను. దాని నెక్కువారిలో కొందరు కాళ్లు జారకుండ పట్టీలు వాడుదురు. అయితే బండి తిరుగబడినపుడు ఆ పట్టీనుండి కాలు తటాలున బయటికి రావలెను. తాటిచెట్టుపై కాలు ఊడినచో బ్రతుకే పోవును.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచ మను పేరిట గీతకార్మికులకు భద్రతాసామగ్రి నిచ్చుట ప్రారంభించెను. అది మిగుల మేలైన పని. మోకొక్కదానిని నమ్మి పడిపోయినవారి కుటుంబములు ప్రతి యూరను కలవు. అయినను ఆ సామగ్రి దొరకని చోట, క్రొత్త బందమును నేలకు మూరెడెత్తున తొడిగి, మ్రానుపై కొంతసేపు నిలిచి చూడక పైకి పోరాదు. జడలో నొక్క పాయ తెగినను దానిని విడువవలసినదే. తెలిసినవారు పాతబందమును ఊరక పాఱవేయరు. పిల్లలు తీసి తొడుగుకొందురేమో యని కత్తితో రెండు తునకలు చేసి మఱి పాఱవేయుదురు.