కాంతిని దాటే ఎలక్ట్రాన్లు, కాక్రాపార్ నీళ్లు

హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో పుట్టే ఇంధన కట్టలు కొన్ని గుజరాత్ దారి పడతాయి. 220 మెగావాట్ల రియాక్టర్‌కు వెళ్లే కట్టంటే యురేనియం ఆక్సైడ్ బిళ్లలు నింపిన 19 లోహపు గొట్టాలు. పొడవు అర మీటరే. చేరేది కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రానికి. 2007లో తాపీ జిల్లా విడిపోయేదాకా ఈ కేంద్రం సూరత్ జిల్లాలోనే ఉండేది. ఇక్కడి మొదటి 220 మెగావాట్ల యూనిట్ 1993లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది.

కొత్త కట్టను తొడుగులేసుకున్న చేతులతో పట్టుకోవచ్చు. రియాక్టర్ నుంచి బయటికొచ్చిన కట్ట దగ్గరికి మాత్రం మనిషి పోలేడు. దాన్ని లోతైన కొలనులో ముంచి చల్లారుస్తారు. అప్పుడే దించిన కట్ట చుట్టూ నీళ్లు నీలంగా వెలుగుతాయి.

శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీళ్లలో దాని వేగం 2.25 లక్షలకు పడిపోతుంది. వాడిన ఇంధనం నుంచి వచ్చే గామా కిరణాలు నీటిలోని ఎలక్ట్రాన్లను తన్ని తరిమితే, కొన్ని ఆ 2.25 లక్షలను దాటేస్తాయి. ఐన్‌స్టీన్ గీసిన గీత శూన్యంలోని వేగానిది కనుక నేరమేమీ లేదు. తన అలల కన్నా వేగంగా పోయే పడవ వెనక నీరు కోణంగా చీలినట్టు, ఎలక్ట్రాన్ వెనక కాంతి శంకువులా విచ్చుకుంటుంది.

1934లో దీన్ని వెలికితీసిన సోవియట్ శాస్త్రవేత్త చెరెంకోవ్, చీకట్లో గంటకు పైగా కూర్చుని కళ్లు అలవాటయ్యాకే కొలతలు తీసేవాడు. కారణం ఫ్రాంక్, టామ్ 1937లో చెప్పారు. 1958 నోబెల్ ముగ్గురికీ దక్కింది. నేడు అంతర్జాతీయ తనిఖీదారులు కొలనులో ఉన్నది నిజంగా వాడిన ఇంధనమేనా అని ఈ వెలుగునుబట్టే పోల్చుకుంటారు.

ఇంతకీ, అలాంటి వేగంతో మనిషే పోతే ఏం కనిపిస్తుంది?

అంతరిక్షంలో కాంతి వేగంలో 90 శాతంతో పోతున్నాడనుకుందాం. సరిగ్గా పక్కనుండాల్సిన నక్షత్రం ఎదుటి దిక్కుకు 26 డిగ్రీల దూరంలోకి జరిగిపోతుంది. ఆకాశమంతా ముందుకొచ్చి గుమిగూడుతుంది, వెనక చీకటి కమ్ముతుంది. ఎదురొచ్చే కాంతి తరంగాలు నాలుగు రెట్లకు పైగా కుదించుకుపోతాయి. ఎరుపు అతినీలలోహితంలో పడి మాయమవుతుంది. ఇన్నాళ్లూ కంటికి ఆనని పరారుణం రంగై కనిపిస్తుంది.

చిత్రమేమిటంటే, ఎదురుపడే గోళం నొక్కుకుపోయినట్టు కనబడదు. కొలిస్తే నొక్కుకుపోయే ఉంటుంది, చూపుకు మాత్రం దాని అంచు గుండ్రంగానే! దాని వేర్వేరు భాగాల నుంచి కాంతి వేర్వేరు క్షణాల్లో బయల్దేరి ఒకేసారి కంటికి చేరడమే ఈ మాయ. ఐన్‌స్టీన్ సిద్ధాంతం 1905లో వస్తే, ఈ సంగతిని పెన్‌రోజ్, టెరెల్ విడివిడిగా తేల్చింది 1959లో.