చింత నుండి చింతనకు

తెలుగు భాషలో 'చింత' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి. ఒకటి దుఃఖము, రెండవది ఆలోచన. 'విచారము' అనే పదముయొక్క చరిత్ర కూడ ఇటువంటిదే. సంస్కృతంలో విచారమంటే పరిశీలన, మంచిచెడ్డలను తర్కించి చూడటం. తెలుగువారి నోట అది దిగులుగా మారినది. అయినను 'విచారణ' అన్నప్పుడు ఆ పాత అర్థం చెక్కుచెదరక నిలిచియున్నది. మన కళాశాల ఆవరణలో తెలుగుతోపాటు వినిపించే ఉర్దూ భాషలోను ఇదే విశేషము. 'ఫిక్ర్' అంటే ఆలోచన. 'ఫిక్ర్' అంటే బెంగ కూడ. కవి భావనాశక్తిని ప్రశంసించేటప్పుడు పండితులు వాడే మాట అదే. ప్రొద్దుగుంకినా ఇల్లు చేరని బిడ్డ కొరకు తల్లి గుమ్మంలో నిలిచి పడేదీ అదే.

సంస్కృతమునుండి వచ్చిన పదాలు, అరబ్బీనుండి వచ్చిన పదము వేరువేరు త్రోవలలో నడిచి ఒకేచోట కలుసుకొనటం ఆలోచించదగిన సంగతి. చింత, చింతన ఒక తల్లి బిడ్డలు. ఆలోచన ఒక నిర్ణయానికి చేరి, ఒక పనిగా ముగిసినప్పుడు అది చింతన. ఎక్కడికీ చేరక, గానుగెద్దువలె ఒకే వలయంలో తిరిగినప్పుడు అది చింత. ఆ వలయమునుండి బయటపడే త్రోవ ఏది అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

నేటి విద్యార్థికి చింతలు కొరత కాదు. పరీక్ష తప్పుతానేమో అన్నది ఒకటి. డిగ్రీ చేతికి వచ్చిన తరువాత ఏమి చేయాలి అన్నది మరొకటి. తండ్రి కౌలు రైతు అయితే దాళ్వా పంట ఇంటికి చేరేవరకు ఫీజు మాట ఎత్తటానికి నోరు రాదు. తల్లియో, అన్నయో గల్ఫు దేశములో పని చేస్తూ పంపే సొమ్ముతో చదువు సాగుతున్న ఇంట, ఒక నెల సొమ్ము ఆలస్యమైతే గుండెలో రాయి పడుతుంది. అక్క పెండ్లి, తాత వైద్యం, ఎప్పుడు వెలువడుతుందో తెలియని ఉద్యోగ ప్రకటన - ఇవన్నీ పుస్తకం తెరిచిన ప్రతిసారీ పుటల మధ్యనుండి తొంగిచూస్తాయి. "దిగులు పడకు, అంతా మంచే జరుగుతుంది" అని పెద్దలు ప్రేమతో అంటారు. ఆ మాట చల్లగానే ఉంటుంది. కాని రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినప్పుడు అది చాలదు.

భయము శరీరానికి చేసే మార్పులను అమెరికా దేశపు శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో వివరించినాడు. ఆపద ఎదురైనప్పుడు ఎడ్రినలిన్ అనే స్రావము రక్తంలోనికి చేరుతుంది. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకొంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఎదిరించటానికో, పరుగెత్తటానికో దేహం సిద్ధమవుతుంది. పాము కనిపించినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. అయితే రాబోయే మార్చి నెలలోని పరీక్ష పామువంటిది కాదు. దానినుండి పరుగెత్తటానికి త్రోవ లేదు, ఈ రాత్రే దానిని ఎదిరించటానికీ వీలు లేదు. దేహం సిద్ధమై కూర్చుంటుంది, చేయవలసిన పని మాత్రం కనిపించదు. పరీక్షల రోజులలో కడుపులో తిప్పటం, అరచేతులు చెమర్చటం పిరికితనానికి గుర్తులు కావు. దేహం తన ధర్మాన్ని తాను నెరవేర్చుచున్నదని వాటి అర్థము.

ఇక ఈ సిద్ధపాటును పనికి మళ్ళించటం ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం మన గోదావరి ఒడ్డుననే ఉన్నది. డెల్టాలో పుట్టినవారికి భయముతో సహవాసం క్రొత్త కాదు. ఏటా వానకాలంలో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం కొలుస్తారు. 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినది. ఆ భయాలు కల్పితాలు కావు. అయినను మొదటి హెచ్చరిక వినగానే లంక గ్రామాలవారు ఇండ్లు విడిచి పరుగెత్తరు. మూడవ హెచ్చరిక వచ్చిన పిదప గోదావరిపై భారం వేసి నిద్రపోరు. ఏ మట్టానికి ఏ పని అన్నది ముందుగానే తెలుసును. భయానికి ఒక కొలత, కొలతకు తగిన ఒక పని - వరదను ఎదుర్కొనే విధానమంతా ఈ రెండింటిలో ఇమిడియున్నది.

దీని ఫలితం పొరుగున ఉన్న కృష్ణా డెల్టాలో స్పష్టముగా కనిపించినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించినారు. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫాను ఆ తీరాన్నే తాకినది. ఈసారి ముందస్తు హెచ్చరికలు అందినవి, లక్షమందికి పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించినారు. మృతుల సంఖ్య వేయి లోపున నిలిచినది. అదియు తీరని దుఃఖమే. కాని గాలి బలం తగ్గనప్పటికి నష్టం ఇంతగా తగ్గటానికి కారణం, 1977 నాటి భయము మధ్యకాలంలో కార్యరూపం దాల్చటమే.

మన మనస్సుకు కూడ ఇటువంటి మూడు మట్టాలను ఏర్పరచుకొనవచ్చును.

మొదటి మట్టము నిత్యజీవితపు కలవరము. చదువుతాము, తింటాము, నిద్రపోతాము. మధ్యమధ్య మనస్సు చలిస్తూ ఉంటుంది. దీనికి భయపడనక్కరలేదు. ఏ కలవరమూ లేనివాడు పుస్తకమే తెరవడు. ఇక్కడ చేయవలసిన పని, చింతను కాగితముమీదికి దించటం. 'నా భవిష్యత్తు ఏమవుతుందో' అన్న వాక్యానికి జవాబు లేదు. 'గణితంలో మూడు పాఠాలు అర్థం కాలేదు' అన్న వాక్యానికి ఉన్నది. రేపు ఉదయం అధ్యాపకుని అడగవచ్చును. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2011లో ప్రకటించిన అధ్యయనములో ఒక ఆసక్తికరమైన అంశమున్నది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను దాచుకొనక వ్రాసినట్లైతే, పరీక్షలంటే ఎక్కువగా భయపడే విద్యార్థులకు మార్కులు మెరుగుపడినవి. మనస్సులో మోస్తున్న బరువును కాగితం కొంత మోసినదన్నమాట.

రెండవ మట్టములో చింత రోజంతా వెంటాడుతుంది. చదివిన పుటనే మరల చదువుతాము. అప్పుడు చింతకు వేళ కేటాయించాలి. ఇది హాస్యమునకు చెప్పినది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బోర్కొవెక్, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని పరీక్షించి, ప్రయోజనం కలదని ప్రకటించినారు. రోజూ ఒకే స్థలంలో, ఒకే వేళకు అరగంట కూర్చొని చింతలన్నిటిని తరచి చూడాలి. తక్కిన సమయంలో అవి తలుపు తట్టితే, "సాయంత్రం అయిదు గంటలకు రండి" అని పంపివేయాలి. 'ఆలోచించవద్దు' అని మనస్సును శాసిస్తే అది వినదు; 'తరువాత' అంటే చాలసార్లు వింటుంది.

ఇంతకంటె చాల ముందు, తొమ్మిదవ శతాబ్దంలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు దేహారోగ్యమును, మనోరోగ్యమును కలిపి ఒక అరబ్బీ గ్రంథము రచించినాడు. నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతం ఆయన జన్మస్థలము. ఆకస్మికంగా వచ్చే జబ్బులకు ఇంట మందులు ముందే దాచుకొన్నట్లుగా, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలను సమకూర్చుకొని, కలత వేళకు నిలువ ఉంచుకోవాలని ఆయన బోధించినాడు. వరద రాకముందే గట్టు వేసుకోవాలన్న మన రైతు అనుభవానికి, ఆ విద్వాంసుని మాటకు భేదము లేదు.

మూడవ మట్టము ప్రమాదకరమైనది. వారాల తరబడి నిద్ర పట్టకపోవటం, అన్నం సయించకపోవటం, స్నేహితులను తప్పించుకొని తిరగటం, బ్రతుకు వ్యర్థమనే తలపు రావటం దీని లక్షణాలు. ఇక్కడ ఒంటరిగా ధైర్యము చూపటం గొప్ప కాదు. మూడవ హెచ్చరిక తరువాత పడవ ఎక్కటానికి ఎవరును సిగ్గుపడరు కదా! ఇంటిలో ఒకరికి, కళాశాలలో ఒకరికి చెప్పాలి, వైద్యుని కలవాలి. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా, ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఈ మాటను ఇంత గట్టిగా చెప్పటానికి కారణమున్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజులలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. ఫలితాలలో తప్పులు దొర్లినవని ఆందోళన చెలరేగగా, తప్పినవారి జవాబు పత్రాలన్నిటిని ఉచితంగా మరల పరిశీలించినారు. ఆ పరిశీలనలో వేయిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులైనారు. ఏప్రిల్‌లో శిలాశాసనమువలె కనిపించిన మార్కుల పట్టిక మే నెల ముగియకముందే మారిపోయినది. మారని సందర్భములోను సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది, మరుసటి సంవత్సరమున్నది. పరీక్ష కొలిచేది ఒక విషయములో ఒక రోజున మనం వ్రాసిన జవాబులను మాత్రమే. మనిషిని కొలిచే కొలబద్ద దానియొద్ద లేదు.

ఒక సంగతి మాత్రము మరువరాదు. చింతలన్నిటికీ మందు విద్యార్థి మనస్సులోనే లేదు. 1832-33 నాటి నందన కరువు తరువాత ఈ సీమ ప్రజల ఆకలి భయమును ఓదార్పు మాటలు తీర్చలేదు. 1847లో మొదలై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట తీర్చినది. ఆ పని రైతు ఒక్కడు తన పొలం గట్టున నిలిచి చేయగలిగినది కాదు. ఫీజు కట్టలేని విద్యార్థికి నిబ్బరమును గురించి ఉపన్యసిస్తే అది మాటలతో వరదను ఆపబూనటమే అవుతుంది.

కావున కళాశాల సంఘం పెద్దలకు సవినయముగా ఒక మనవి. ఫీజుల గడువును సంవత్సరారంభముననే తెలిపి, పంటల కాలమును గమనించి వాయిదాలు ఏర్పరచినచో అనేక గృహాలలో నిద్ర పడుతుంది. ఉపకారవేతనముల దరఖాస్తు తేదీలను తెలుగు, ఉర్దూ రెండు భాషలలో ప్రకటన ఫలకముపై ఉంచవలెను. వారానికి ఒక గంట, విద్యార్థి వచ్చి మనసు విప్పి మాట్లాడుకొనటానికి ఒక గదిని, వినే ఓపిక గల ఒక అధ్యాపకుని కేటాయించవలెను. వీటికి పెద్ద వ్యయము కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! నేటి రాత్రి మీ మనస్సును బాధించే విషయాన్ని ఒక తెల్ల కాగితముపై వ్రాయండి. దాని ప్రక్కన, రేపు ప్రొద్దున చేయదగిన పని ఒక్కటి, ఎంత చిన్నదైనను సరే, వ్రాయండి. ఏ పనీ తోచకపోతే ఆ కాగితాన్ని మీకు నమ్మకమైన ఒకరి చేతికి ఇవ్వండి. ఇద్దరు కలిసి చూచినప్పుడు, ఒక్కరికి కానరాని త్రోవ తరచుగా కనిపిస్తుంది.