చేపల ఘ్రాణశక్తి : నశించిన నాడి మరల మొలచుట

చేపలు ముక్కుతో ఊపిరి పీల్చవు. ఆ పని మొప్పలది. చేప ముక్కు వాసన చూచుటకే యేర్పడినది. తల ముందుభాగమున ఇరుప్రక్కల నుండు చిన్న గుంటలలో నీరు ఒక రంధ్రమున ప్రవేశించి వేఱొక రంధ్రమున వెడలుచుండును. గుంట యడుగున పూరేకులవలె మడతలుపడిన పలుచని పొర కలదు. అందలి నాడీకణములు నీటిలోని వాసనను గ్రహించి మెదడునకు తెలుపును. మేతను వెదకుటకును, శత్రువును తెలిసికొనుటకును చేపలకిది ముఖ్యాధారము. గాయపడిన చేప చర్మమునుండి నీటిలో కలియు పదార్థపు వాసనకే తోడిచేపలు బెదరి పాఱునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1938లో ప్రకటించెను.

ఈ నాడీకణములకు నీరు నేరుగా తగులుచుండుటచే నీటిలోని విషము వానిని సులభముగా చెఱచును. మనుష్యుని వెన్నుపాము తెగినచో తిరిగి అతుకుట లేదు. చేపల ఘ్రాణనాడి యట్టిది కాదు. పొర యడుగున నున్న మూలకణములు జీవితాంతము క్రొత్త నాడీకణములను పుట్టించుచుండును. చెఱకు నఱకిన పిదప దుబ్బునుండి పిలకలు లేచినట్లు, ఇవి పెరిగి తమ తంతువులను మెదడువఱకు సాచును. వాసన తిరిగి తెలియును.

శీలావతి, బొచ్చెలకు దూరపు చుట్టమును, మన దేశపు చిన్నచేపయు నగు జీబ్రాచేపపై అమెరికాలో దీనిని పరీక్షించిరి. ముక్కున సబ్బువంటి ద్రావకమును ఒక్కసారి పోయగా పొర చెడి, కొద్ది దినములలోనే తిరిగి యేర్పడెను. వారములతరబడి పలుమారులు పోయగా మెదడునందు వాసనను గ్రహించు భాగము సైతము కుంగిపోయెను. పోయుట మానిన పిదప వారములకుగాని కోలుకొనలేదు. కావున దెబ్బ నిలిచిననే చికిత్స ఫలించునని గ్రహింపవలెను.

ఇది మనకేల? మైలుతుత్తములో నుండునది రాగి. లీటరు నీటిలో మిల్లీగ్రామునందు కొద్ది వెయ్యోవంతుల రాగి హెచ్చినను సాల్మన్ చేపపిల్లల ఘ్రాణశక్తి తగ్గునని 2003లో అమెరికాలో కనుగొనిరి. అంత స్వల్పమునకు చేప చావదు గనుక, హాని యజమాని కంటికి కానరాదు.

కావున తోటలకు బోర్డోమిశ్రమము చల్లు సభ్యులు పిచికారీలను, తొట్లను చెరువులోగాని, చెరువునకు నీరువచ్చు కాలువలోగాని కడుగరాదు. మిగిలిన మందును గట్టుపై పాఱబోయరాదు. వానకది నీటిలోనికే చేరును. పొరపాటున మందు కలిసినచో వెంటనే మంచినీరు పెట్టి, మరల కలియకుండ కాచుకొనుడు. పోయిన ఘ్రాణమును ప్రకృతియే తిరిగి యిచ్చును. దానికి పరిశుభ్రమైన నీటిని, వ్యవధిని ఇచ్చుట మన పని.