చిన్న పెట్రోల్ ఇంజన్ ఆగిపోతే కారణం కనుక్కోవడం ఎలా?

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• పెట్రోల్ ఇంజన్ నడవడానికి కావలసిన నాలుగు అవసరాలను వివరించగలుగుతారు.
• ఇంజన్ ఆగిన తీరును బట్టి లోపం ఎక్కడుందో ఊహించగలుగుతారు.
• ఆ ఊహను వరుసగా పరీక్షించి నిర్ధారించగలుగుతారు.

1. పరిచయం

పచ్చిక కోసే లాన్ మోవర్ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో అరుదు. కాని దానిలో ఉండే ఒంటి సిలిండర్ పెట్రోల్ ఇంజన్ లాంటిదే కంది, పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే చిన్న పవర్ వీడర్లలోనూ కనిపిస్తుంది. ఈ మెట్ట ప్రాంతంలో వాన వెలిశాక నేల పదునుగా ఉండేది కొద్ది రోజులే. ఆ అదునులో యంత్రం మొరాయిస్తే కలుపు పైరును మించిపోతుంది. అప్పుడు చాలామంది చేసేది ఒక్కటే: చేతులు నొప్పిపుట్టేదాకా స్టార్టర్ తాడు లాగడం. అలా లాగడం కంటే ఇంజన్ ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ ఉపయోగకరం.

2. నాలుగు అవసరాలు

జర్మనీకి చెందిన నికొలాస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను నిర్మించాడు. నేటి ఇంజన్లూ అదే సూత్రంపై నడుస్తాయి. పిస్టన్ కిందికి దిగుతూ గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పైకి వస్తూ దాన్ని కుదిస్తుంది. స్పార్క్ ప్లగ్ ఇచ్చే రవ్వతో మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. పిస్టన్ మళ్లీ పైకి వస్తూ కాలిన వాయువులను బయటికి పంపుతుంది.

కాబట్టి ఇంజన్‌కు గాలి, పెట్రోల్, నిప్పురవ్వ, కుదింపు అనే నాలుగూ ఉండాలి. బరువు ప్రకారం ఒక వంతు పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఈ పాళ్లు బాగా తప్పితే ఇంజన్ ఆగుతుంది.

3. ముందు జాగ్రత్తలు

స్విచ్ ఆపండి. ఇంజన్ చల్లారనివ్వండి. బ్లేడ్లను తాకే ముందు స్పార్క్ ప్లగ్ మీది వైరు టోపీని ఊడదీయండి. చేత్తో బ్లేడు తిప్పినప్పుడు పిస్టన్ కూడా కదిలి ఇంజన్ ఒక్కసారిగా అందుకోవచ్చు. పెట్రోల్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

4. ఆగిన తీరు చెప్పే సంగతులు

అ) కొంతసేపు బాగా నడిచి, ముక్కుతూ ఆగి, కాసేపటికి మళ్లీ కొద్దిగా నడిస్తే పెట్రోల్ సరిగా అందడం లేదని అనుమానించాలి. ట్యాంకు మూతలోని సన్నని గాలి రంధ్రం, పెట్రోల్ గొట్టం, కార్బ్యురేటర్‌లను చూడాలి.

ఆ) స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే నిప్పురవ్వ పోయి ఉండవచ్చు. ఇగ్నిషన్ కాయిల్ పాడైతే వేడెక్కినప్పుడు రవ్వ ఆగి, చల్లారాక తిరిగి రావచ్చు. కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే రవ్వను ఆపివేసే సెన్సర్ ఉంటుంది. యంత్రం బాగా వాలుగా ఉన్నా అది పనిచేస్తుంది.

ఇ) నల్లపొగ వదులుతూ బలం తగ్గి ఆగితే గాలి చాలడం లేదు. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్ దీనికి తరచు కారణం.

ఈ) తాడు లాగినప్పుడు ఏ బిగువూ లేకుండా తేలిగ్గా వస్తే కుదింపు తగ్గింది. ఇది మెకానిక్ చూడవలసిన పని.

5. పరీక్షించే వరుస

ఖర్చు లేని పరీక్షలు ముందు చేయాలి. యంత్రాన్ని చదునైన నేలమీద ఉంచి ఆయిల్ మట్టం, పెట్రోల్ చూడండి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి. తరువాత స్పార్క్ ప్లగ్ విప్పి దాని కొన చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ సిలిండర్‌లోకి రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, కాని మండటం లేదు. వేడి ఇంజన్‌కు చోక్ వేసి పదేపదే తాడు లాగినా ప్లగ్ ఇలాగే తడుస్తుంది. అప్పుడు ప్లగ్ తుడిచి, చోక్ తీసి, ప్లగ్ లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగితే ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది.

పోయిన పంటకాలంలో మిగిలిన పెట్రోల్ వాడవద్దు. నిలవ ఉంటే అది జిగురుగా మారి కార్బ్యురేటర్ సన్నని దారులను మూసేస్తుంది. అందులో కలిసే ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పని ముగిశాక ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేసి పెట్టడం మంచిది.

6. ఒక ఉదాహరణ

గిద్దలూరు వైపు ఒక కందిచేలో నేను చూసిన సంగతి ఇది. వీడర్ పావుగంట నడిచి ఆగేది. కాసేపు వదిలేస్తే మళ్లీ నడిచేది. రైతు అప్పటికే కొత్త కార్బ్యురేటర్ వేయించాడు, అయినా మార్పు లేదు. ఇక్కడ చదవడం ఆపి, నాలుగో విభాగం చూసి కారణం ఊహించండి.

ఈసారి ఇంజన్ ఆగగానే ట్యాంకు మూత తిప్పించాను. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైంది. బండిమీద తెచ్చేటప్పుడు పెట్రోల్ చిందకుండా ఆయన మూత కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించాడు. గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాక, ట్యాంకులో పీడనం పడిపోయి, పెట్రోల్ కిందికి దిగడం ఆగింది. కవరు తీసేశాక వీడర్ ఆ సాయంత్రందాకా ఆగలేదు. కార్బ్యురేటర్‌కు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

7. సారాంశం

గాలి, పెట్రోల్, రవ్వ, కుదింపు: ఈ నాలుగింటిలో ఏది లోపించిందో తేలకముందే విడిభాగం కొనవద్దు. ఆగిన తీరును గమనించండి, ఒక కారణం ఊహించండి, ఒక్కొక్కటిగా పరీక్షించండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల బాగైందో మీకు తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్పార్క్ ప్లగ్ కొన పొడిగా ఉంటే ఏయే భాగాలను పరీక్షిస్తారు?
2. వాలు నేలమీద ఆగిన ఇంజన్ చదునుకు తెచ్చాక నడిచింది. కారణం ఏమై ఉంటుంది?
3. మీ ఊళ్లో ఆగిపోయిన ఒక యంత్రాన్ని చూసి, అది ఆగిన తీరునూ మీరు నిర్ధారించిన కారణాన్నీ పది వాక్యాల్లో రాయండి.