మిక్సర్‌ కుళాయి కొనే ముందు మేడపై ట్యాంకు చూడండి

అమీర్‌పేట, పంజాగుట్ట: వంటింటి సింకు వద్ద చన్నీటికి ఒకటి, వేడినీటికి ఒకటి ఉన్న పాత కుళాయిలను తీసివేసి మిక్సర్‌ కుళాయి బిగించుకోవాలనుకునేవారు సాధారణంగా మెరుపును, ధరను చూస్తారు. తీరా ఇంటికి తెచ్చి బిగించాక ధార సన్నగా వస్తే దుకాణదారుపై విసుక్కుంటారు. చాలా సందర్భాల్లో లోపం కుళాయిది కాదు. అసలు సంగతి మేడపై ట్యాంకులో, గోడలోని గొట్టాల్లో ఉంటుంది.

ఎత్తును బట్టే ఒత్తిడి

నగరంలోని అపార్టుమెంట్లలో జలమండలి నీరు సంపులో చేరి, మోటారుతో మేడపై ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి ఇళ్లకు దిగుతుంది. ట్యాంకు కుళాయి కంటే పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్‌ ఒత్తిడి లభిస్తుంది. పై అంతస్తులో ఆ ఎత్తు నాలుగు మీటర్లే అయితే దక్కేది 0.4 బార్‌ మాత్రమే. అదే భవనంలో నాలుగంతస్తుల కింద ఉన్నవారికి సుమారు 1.6 బార్‌ వస్తుంది. ఒకే పిడితో పనిచేసే మిక్సర్లలో చాలా రకాలకు కనీసం అర బార్‌ నుంచి ఒక బార్‌ వరకు ఒత్తిడి అవసరం. అందువల్ల కొనే ముందే సూచనల పత్రంలో కనీస ఒత్తిడి ఎంతో చూసుకోవాలి. పాత కుళాయిని పూర్తిగా తిప్పినా లీటరు చెంబు నిండటానికి 20 సెకన్లు పడుతుంటే, కొత్తది బిగించినంత మాత్రాన ధార పెరగదు.

గీజరుతో జాగ్రత్త

వేడినీరు, చన్నీరు ఒకే ట్యాంకు నుంచి వస్తే రెండూ సమానంగా కలుస్తాయి. ఒకటి పంపు ద్వారా, మరొకటి ట్యాంకు నుంచి వస్తుంటే బలమైన ధార రెండో గొట్టంలోకి ఎదురెక్కుతుంది. దీనిని నివారించడానికి నాన్‌ రిటర్న్‌ వాల్వు అమర్చాలి. కొన్ని చిన్న గీజర్లకు నీరు బయటకు వచ్చే గొట్టాన్ని ఎన్నడూ మూయరాదు. అటువంటి వాటికి మామూలు మిక్సర్‌ను కలిపితే లోపల ఒత్తిడి పెరిగి గీజరు పగిలే ప్రమాదముంది. వేడినీటి గొట్టం సీపీవీసీది అయి ఉండాలి. సాధారణ పీవీసీ గొట్టం వేడికి మెత్తబడుతుంది.

బిగించే విధానం

గోడకు అమర్చే మిక్సర్‌ రెండు కాళ్ల మధ్య దూరం సాధారణంగా ఆరంగుళాలు. పాత కుళాయిల మధ్య అంతకంటే బాగా ఎక్కువ దూరం ఉంటే గోడ చెక్కవలసి వస్తుంది. అది ఇష్టం లేనివారు గట్టుపై నిలబెట్టే రకం తీసుకుని, కింద రెండు యాంగిల్‌ కాక్‌ల నుంచి గొట్టాలు కలుపుకోవచ్చు. పని ప్రారంభించే ముందు గీజరు స్విచ్‌ ఆపి, మేడపై వాల్వు కట్టి, గొట్టాల్లోని నీటిని వదిలేయాలి. పాత ఇనుప గొట్టాల మరలు తుప్పు పట్టి ఉంటాయి. బలవంతంగా తిప్పితే గొట్టం గోడలోనే విరగవచ్చు. పాతవి తీశాక కాసేపు నీరు వదిలి తుప్పు, ఇసుక పోనివ్వాలి. లేకుంటే అవి కొత్త కుళాయి లోపలి పింగాణీ బిళ్లలను గీరి పాడుచేస్తాయి. మరలకు టెఫ్లాన్‌ టేపు చుట్టి, వేడినీటిని ఎడమకు, చన్నీటిని కుడికి కలపాలి.

బోరు నీరైతే..

బోరు, ట్యాంకర్‌ నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే కుళాయి మూతి వద్దనున్న జల్లెడకు తెల్లటి పొర పడుతుంది. అప్పుడప్పుడు దానిని విప్పి నిమ్మరసంలో నానబెట్టి కడిగితే ధార తగ్గదు.

పాత కుళాయి కారుతోందన్న ఒక్క కారణంతో మార్చాలనుకుంటే ముందుగా వాషర్‌ మార్చి చూడటం మేలు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు వృథా. చిన్న వాషరుతో ఆగిపోయే ఈ నష్టానికి గోడ పగలగొట్టవలసిన అవసరం లేదు.